పుస్తకం కొనిపించకుండా స్టాటిస్టిక్స్ చెప్పడం ఎలా? కమ్యూనిటీ కాలేజీ అడ్జంక్టుల కోసం

డాలస్ చుట్టుపక్కలో, న్యూజెర్సీలోనో, బే ఏరియాలోనో పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు సెక్షన్లు చెప్పే తెలుగువాళ్లు ఉన్నారు. వీళ్లనే అడ్జంక్టులంటారు. ఉచితంగా చదువుకోవడానికీ, మార్చుకుని వాడుకోవడానికీ అనుమతి ఉన్న ఓపెన్ పుస్తకంతో క్లాసు ఎలా నడపాలో చెప్పే ఈ వ్యాసం వాళ్ల కోసం. ఉదాహరణకు ఎలిమెంటరీ స్టాటిస్టిక్స్ తీసుకుంటున్నాను. టెక్సస్‌లో మ్యాథ్ 1342 అనేది ఇదే. నర్సింగ్‌కి వెళ్లేవాళ్లు, బిజినెస్ వాళ్లు, సైకాలజీ వాళ్లు, హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ క్రెడిట్ తీసుకునే పిల్లలు, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదువు మొదలుపెట్టిన అమ్మలు, అందరూ ఈ కోర్సులో కలుస్తారు. మీరు చెప్పేది అకౌంటింగో కెమిస్ట్రీనో అయినా పద్ధతి ఇదే.

అసలు ఈ శ్రమ ఎందుకంటే, కమ్యూనిటీ కాలేజీలో ఫీజు తక్కువ, పుస్తకం మాత్రం తక్కువ కాదు. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకు యూనిట్‌కి 46 డాలర్లు. నాలుగు యూనిట్ల స్టాటిస్టిక్స్‌కి 184 డాలర్లతో సరి. ప్రచురణకర్తల కొత్త పుస్తకం, దానితో పాటు ఆన్‌లైన్ హోంవర్క్ చేయడానికి కావాల్సిన యాక్సెస్ కోడ్ కొంటే ఆ ఫీజుకి దగ్గరదగ్గరగా మళ్లీ కట్టాలి. 2006 జనవరి నుంచి 2016 జూలై దాకా కాలేజీ పుస్తకాల ధరలు 88 శాతం పెరిగాయని అమెరికా కార్మిక గణాంక సంస్థ లెక్క తేల్చింది. "జీతం పడ్డాక కొంటాను" అన్న విద్యార్థి మూడో వారానికి కొంటాడు. అప్పటికి మొదటి పరీక్ష దగ్గర పడుతుంది.

ముందు ఏది ఓపెన్, ఏది కాదో తేల్చుకోండి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. విద్యార్థి డబ్బు కట్టక్కర్లేనిదల్లా ఓపెన్ కాదు. లైబ్రరీ కొన్న ఈబుక్ విద్యార్థికి ఉచితమే, కానీ లైబ్రరీ చందా ఆపితే అది పోతుంది, అందులో ఒక పేరా కూడా మీరు మార్చలేరు. యూట్యూబ్ వీడియో చూడొచ్చు, కత్తిరించి వాడుకోవాలంటే మళ్లీ అనుమతి కావాలి. టెలిగ్రామ్ గ్రూపులో తిరిగే పీడీఎఫ్ సంగతి చెప్పక్కర్లేదు, దాన్ని సిలబస్‌లో పెట్టి చిక్కుల్లో పడకండి. ఇక "ఇన్‌క్లూజివ్ యాక్సెస్" పేరుతో మొదటి రోజే పుస్తకం తెర మీద ప్రత్యక్షమై, ఖర్చు ట్యూషన్ బిల్లులో కలిసిపోయే ఏర్పాటు ఒకటుంది. పుస్తకం కొన్నట్టు కూడా విద్యార్థికి తెలియదు. అది ఉచితమూ కాదు, ఓపెనూ కాదు.

ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అన్న పేరు 2002లో యునెస్కో సమావేశంలో పుట్టింది. మనవాళ్లు పొట్టిగా ఓఈఆర్ అంటారు. డేవిడ్ వైలీ అనే విద్యావేత్త దీనికి అయిదు హక్కులు చెప్పాడు: నకలు ఎప్పటికీ ఉంచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరేవాటితో కలుపుకోవడం, మళ్లీ పంచిపెట్టడం. నా దృష్టిలో టీచరుకి మూడోదే ముఖ్యం. ప్రచురణకర్త పుస్తకం అద్దె ఇల్లు లాంటిది, ఉండనిస్తారు కానీ గోడకి మేకు కొట్టనివ్వరు. ఉచితం అన్నమాట దగ్గరే ఆగిపోతే ఓఈఆర్‌లో సగం లాభం పోగొట్టుకున్నట్టే.

పుస్తకం వెతికే ముందు డిపార్ట్‌మెంట్‌ని అడగండి

అడ్జంక్టులకి పుస్తకం ఎంచుకునే స్వేచ్ఛ అన్నిచోట్లా ఉండదు. కొన్ని డిపార్ట్‌మెంట్లలో అన్ని సెక్షన్లకీ ఒకటే పుస్తకం, కొన్నిచోట్ల ఎవరిష్టం వాళ్లది. డిపార్ట్‌మెంట్ హెడ్‌కి, అంటే చెయిర్‌కి, ఈమెయిల్ రాసి ఈ నాలుగు సంగతులు తెలుసుకోండి: నా సెక్షన్‌కి నేను పుస్తకం మార్చుకోవచ్చా, ఏమేం చెప్పాలో రాసిన కోర్సు అవుట్‌లైన్ ఎక్కడుంది, బుక్‌స్టోర్‌కి ఆర్డర్ ఇవ్వాల్సిన గడువు ఎప్పుడు, ఇప్పటికే ఓపెన్ పుస్తకం వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా. చివరిది తప్పకుండా అడగండి. పక్క గదిలో ఎవరో మూడేళ్లుగా వాడుతూ ఉంటారు, కాలేజీ ఆన్‌లైన్ క్లాస్ సైట్ కాన్వాస్‌లో ఉన్న తమ కోర్సు మొత్తం కాపీ ఇచ్చేస్తారు. మీ పని సగానికి సగం తగ్గుతుంది.

కోర్సు అవుట్‌లైన్ తెప్పించుకుని ప్రింట్ తీసుకోండి. విద్యార్థి రేపు నాలుగేళ్ల యూనివర్సిటీకి మారినప్పుడు ఈ క్రెడిట్ చెల్లాలంటే అందులో రాసిన విషయాలన్నీ మీరు చెప్పి తీరాలి. కాలిఫోర్నియా స్టాటిస్టిక్స్ అవుట్‌లైన్‌లో అనోవా (చాలా గుంపుల సగటులు ఒకేసారి పోల్చే పద్ధతి) ఉంటుంది, టైము చాలలేదని వదిలేయడం కుదరదు. పుస్తకాన్ని తూచాల్సింది ఈ కాగితంతోనే.

రిజిస్ట్రేషన్ తెరవకముందే ఇంకో పని ఉంది. పుస్తక ఖర్చు లేని సెక్షన్లకి క్లాస్ షెడ్యూల్‌లో గుర్తు పెట్టాలని కాలిఫోర్నియాలో చట్టం ఉంది, 2018 జనవరి నుంచి అమల్లో ఉంది. టెక్సస్ కూడా 2017లో అలాంటిదే తెచ్చింది. ఆ గుర్తు చూసి సెక్షన్ ఎంచుకునే విద్యార్థులుంటారు. చెయిర్‌కీ షెడ్యూలింగ్ ఆఫీసుకీ మీరు చెప్పకపోతే ఆ గుర్తు దానంతట అదే రాదు. క్లాసు మొదలయ్యే రెండు వారాల ముందు మిమ్మల్ని తీసుకుంటే ఆలస్యమైపోయి ఉంటుంది, అయినా అడగండి. వచ్చే సెమిస్టర్‌కైనా పనికొస్తుంది.

పుస్తకం ఎంచుకోవడం

ఇల్లంతా వెతకక్కర్లేదు, మూడు చోట్లు చాలు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్, యూసీ డేవిస్‌లో మొదలైన లిబ్రెటెక్స్ట్స్, మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల ఓపెన్ టెక్స్ట్‌బుక్ లైబ్రరీ. మూడోదాంట్లో పుస్తకాల మీద పాఠాలు చెప్పేవాళ్లు రాసిన సమీక్షలు ఉంటాయి. పొగడ్తలు వదిలేసి ఫిర్యాదులు చదవండి.

స్టాటిస్టిక్స్‌కి నేను ఓపెన్‌స్టాక్స్ వారి ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఇది రాసిన బార్బరా ఇలోవ్‌స్కీ, సూజన్ డీన్ కూపర్టినోలోని డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్లు. తమ విద్యార్థుల కోసం రాసుకున్న పాఠాలు ముందు రైస్ వాళ్ల కనెక్షన్స్ సైట్‌లో ఉండేవి, 2013లో ఓపెన్‌స్టాక్స్ పుస్తకమయ్యాయి. చదువుతుంటే తెలుస్తుంది, బీజగణితం సగం మరిచిపోయిన విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసిన పుస్తకమని. రెండో ఎడిషన్ కూడా వచ్చింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అదే తీసుకోండి.

ఏ పుస్తకమైనా మొదటి అధ్యాయం చదివి నిర్ణయించకండి. మొదటి అధ్యాయం అందరూ బాగానే రాస్తారు. మీ విద్యార్థులు ప్రతి సెమిస్టర్ ఎక్కడ మునుగుతారో ఆ అధ్యాయం తెరవండి. స్టాటిస్టిక్స్‌లో అది సెంట్రల్ లిమిట్ థియరమ్, ఆ తర్వాత హైపోథిసిస్ టెస్టింగ్. ఇందులో 7, 9 అధ్యాయాలు. అక్కడ వివరణ మీకు నచ్చితే మిగతాది సర్దుకోవచ్చు.

ఒక లోపం ముందే చెబుతాను. పుస్తకం నిండా టీఐ-83, 84 క్యాలిక్యులేటర్ బటన్ల వరసలే. పుస్తకం ఉచితంగా ఇచ్చి క్యాలిక్యులేటర్‌కి వంద డాలర్ల పైన పెట్టించడం నాకు మింగుడుపడదు. గూగుల్ షీట్స్ గానీ, ఉచితంగా దొరికే స్టాటిస్టిక్స్ ప్రోగ్రాం జమోవి గానీ వాడండి. లేదా లైబ్రరీ సెమిస్టర్ పొడుగునా క్యాలిక్యులేటర్లు అరువిస్తుందేమో కనుక్కోండి. ఏది వాడినా బటన్ల పేజీలు తీసేసి వాటి స్థానంలో మీ సొంత పేజీ ఒకటి పెట్టాలి.

లైసెన్సు పేజీ చదవండి

అయిదు నిమిషాల పని. ఓపెన్ పుస్తకాలకి మామూలుగా ఉండే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో నాలుగు రకాల గుర్తులు కనిపిస్తాయి. "బై" అంటే రాసినవాళ్ల పేరు చెప్పాలి. "ఎస్ఏ" అంటే మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడకూడదు. "ఎన్‌డీ" అంటే మార్చినది పంచకూడదు. చివరిది కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టేయండి, మార్చలేనిది మనకి ఎందుకు?

ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు చాలావరకు సీసీ బై. కానీ అన్నీ కాదు, కాల్క్యులస్ పుస్తకాలకి ఎన్‌సీ, ఎస్ఏ రెండూ తగిలించారు. అందుకే పుస్తకం పుస్తకానికీ చూసుకోవాలి. చిక్కొచ్చేది రెండు పుస్తకాల ముక్కలు కలిపి ఒకే ఫైలు చేసినప్పుడు. ఒకటి బై-ఎస్ఏ, ఇంకొకటి బై-ఎన్‌సీ-ఎస్ఏ అయితే ఆ రెండింటినీ కలిపి కొత్త పాఠం చేసి పంచడానికి లేదు, రెండూ తమ లైసెన్సే ఉండాలంటాయి. అప్పుడు కలపకండి. కాన్వాస్‌లో రెండు వేరువేరు లింకులుగా పెట్టండి, గొడవ ఉండదు.

పేరు చెప్పడం ఎలాగంటే, మీరు మార్చిన ప్రతి ఫైలు అడుగున ఇలా ఒక ముక్క రాయండి: "ఇది ఓపెన్‌స్టాక్స్ ప్రచురించిన ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్ 7వ అధ్యాయం ఆధారంగా తయారైంది. రచయితలు ఇలోవ్‌స్కీ, డీన్. లైసెన్సు సీసీ బై 4.0. ఉదాహరణలు మార్చాం, 7.2 తీసేశాం. అసలు పుస్తకం ఓపెన్‌స్టాక్స్ సైట్‌లో ఉచితం." పేరు, రచయిత, లింకు, లైసెన్సు, ఏం మార్చారు, ఇవన్నీ ఉంటే చాలు. మీరు వాడే ఎడిషన్ లైసెన్సు ఏదైతే అదే రాయండి. ఓపెన్‌స్టాక్స్ పేరు, లోగో, అట్ట బొమ్మ మాత్రం ఈ లైసెన్సు కిందకి రావు. మీరు మార్చిన నోట్సుకి వాళ్ల అట్ట అంటించకండి.

పక్కనే ఇంకో మాట. సీసీ బై ఉన్నదాన్ని తెలుగులోకి మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వరంగల్‌లోనో గుంటూరులోనో డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే మీ స్నేహితుడు ఈ పుస్తకంలో లెక్కలు తీసుకుని, రూపాయలూ కిలోమీటర్లూ పెట్టి తెలుగు మీడియం పిల్లలకి నోట్సు చేసి పంచొచ్చు. ఇక్కడివాళ్లు రాసుకున్నది అక్కడా పనికొస్తుంది.

కత్తిరించడం, ఒక్క చోట రాయడం

పుస్తకంలో 13 అధ్యాయాలు, మీకు 16 వారాలు. అందులో పరీక్షలు, థాంక్స్‌గివింగ్, మొదటి వారం గందరగోళం తీసేయండి. అన్నీ చెబుతానంటే 9వ అధ్యాయం దగ్గర పరుగెత్తాల్సి వస్తుంది, నిదానంగా చెప్పాల్సింది సరిగ్గా అదే. అవుట్‌లైన్ పక్కన పెట్టుకుని కొట్టేయండి. 4వ అధ్యాయంలో బైనోమియల్ ఉంచి జియోమెట్రిక్, హైపర్‌జియోమెట్రిక్, పాయిజాన్ తీసేయొచ్చు, మీ అవుట్‌లైన్ అడగకపోతే. 5వ అధ్యాయంలో ఎక్స్‌పొనెన్షియల్ కూడా అంతే. 7వ అధ్యాయంలో మొత్తాల గురించిన 7.2 తీసేసినా నష్టం లేదు. 12వ అధ్యాయంలో స్కాటర్ ప్లాట్, రిగ్రెషన్ గీత ముందుకు తెచ్చి 2వ అధ్యాయం తర్వాత చెప్పండి. బొమ్మలు గీసే వారంలోనే అదీ అయిపోతుంది, సెమిస్టర్ చివర ఊపిరాడుతుంది.

మొదటి సెమిస్టర్‌లో కొత్తగా రాసేది ఒక్కటే పెట్టుకోండి. పుస్తకం మొత్తం తిరగరాస్తానని కూర్చున్నవాళ్లు అక్టోబర్ కల్లా అలిసిపోతారు. ఆ ఒక్కటీ ఏదంటే, 7వ అధ్యాయంలో సగటులకి, మొత్తాలకి సెక్షన్లున్నాయి, శాంపిల్ ప్రపోర్షన్‌కి విడిగా సెక్షన్ లేదు. తర్వాత 8, 9 అధ్యాయాల్లో ప్రపోర్షన్ల మీద లెక్కలు వస్తాయి. ఆ ఖాళీలో రెండు పేజీలు మీరు రాయండి.

ఎలా రాయాలో చెబుతాను. ఫెడరల్ ప్రభుత్వపు కాలేజ్ నావిగేటర్‌లో మీ కాలేజీ పేరు కొడితే పార్ట్‌టైమ్ విద్యార్థుల శాతం వస్తుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తయారుచేసినదానికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు కనుక సెన్సస్, సీడీసీ, వాతావరణ శాఖ లెక్కలు నిశ్చింతగా వాడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వాల సంగతి అలా కాదు, వాటివి చూసుకుని వాడాలి. ఇప్పుడు ఆ శాతాన్ని అసలు ప్రపోర్షన్‌గా పెట్టి, గూగుల్ షీట్స్‌లో ర్యాండ్ ఫంక్షన్‌తో 50 మంది శాంపిల్ తీయమనండి. ప్రతి విద్యార్థీ తన శాంపిల్ ప్రపోర్షన్‌ని బోర్డు మీద చుక్కగా పెడతాడు. 30 మంది పెట్టేసరికి అసలు శాతం చుట్టూ గుట్ట లేవడం కళ్లారా చూస్తారు. ఫార్ములా ఆ తర్వాత రాయండి. తమలో ఎక్కువమంది పార్ట్‌టైమేనని అంకెల్లో చూసి క్లాసులో నవ్వులు కూడా వస్తాయి.

హోంవర్క్: అసలు ఖర్చు ఇక్కడుంది

పుస్తకం మార్చి హోంవర్క్ వ్యవస్థ మార్చకపోతే విద్యార్థికి మిగిలేది తక్కువే. యాక్సెస్ కోడ్ పాతది కొనడానికి ఉండదు, స్నేహితుడి దగ్గర అరువు తీసుకోవడానికి ఉండదు. గణితం వైపు పాఠాలకి దీనికి జవాబు మైఓపెన్‌మ్యాథ్ అనే ఆన్‌లైన్ హోంవర్క్ సైట్. వాషింగ్టన్ రాష్ట్రంలోని పియర్స్ కాలేజీలో గణితం చెబుతూ డేవిడ్ లిప్‌మన్ కట్టిన ప్రోగ్రాం మీద నడుస్తుంది. అది కూడా కమ్యూనిటీ కాలేజీ సరుకే. విద్యార్థికి పైసా ఖర్చు లేదు. ఒక్కొక్కరికీ అంకెలు మారిపోతాయి కనుక జవాబులు వాట్సాప్‌లో పంచుకున్నా ఉపయోగం ఉండదు.

ఇలా మొదలుపెట్టండి. సైట్‌లో ఇన్‌స్ట్రక్టర్ ఖాతాకి దరఖాస్తు చేయండి, మీరు నిజంగా టీచరేనని వాళ్లు చూసుకుంటారు, దానికి కొంత టైము పడుతుంది. క్లాసు ముందు రోజు రాత్రి మొదలుపెట్టే పని కాదిది. ఖాతా వచ్చాక కొత్త కోర్సు ఖాళీగా తెరవకుండా, మీ పుస్తకానికి సరిపోయే తయారు కోర్సుని కాపీ చేసుకోండి. మీరు కొట్టేసిన సెక్షన్ల ప్రశ్నలు తీసేయండి. కాన్వాస్‌తో కలిపితే మార్కులు వాటంతట అవే గ్రేడ్‌బుక్‌లో పడతాయి, కానీ ఆ కలపడానికి కాలేజీ టెక్నికల్ సిబ్బంది చేయి వేయాలి. వాళ్లకి సెమిస్టర్ ముందే టికెట్ పెట్టండి.

తర్వాత మీరే విద్యార్థిగా లాగిన్ అయి మొదటి మూడు హోంవర్కులు పూర్తిగా చేయండి. ఇది వదలొద్దు. దశాంశాల దగ్గర పేచీ వస్తుంది. జెడ్ టేబుల్ చూసి చేసినవాడికీ, షీట్స్‌లో చేసినవాడికీ పీ-వాల్యూ మూడో నాలుగో అంకె దగ్గర తేడా పడుతుంది. సిస్టం తప్పు అంటుంది, విద్యార్థి రాత్రి పదకొండింటికి మీకు ఈమెయిల్ రాస్తాడు. క్లాసులో అందరూ ఒకే పద్ధతి వాడేలా చెప్పండి, లేదా ప్రశ్న సెట్టింగ్‌లో ఎంత తేడా ఒప్పుకోవాలో పెంచండి.

పుస్తకంలోని లెక్కల్ని మార్కుల హోంవర్కుగా ఇవ్వకండి. చాలావాటి జవాబులు అధ్యాయం చివరే ఉన్నాయి, మిగతావి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఆ లెక్కలు సాధన కోసం. పరీక్ష పేపరు మాత్రం మీరే రాసుకోండి. ఓపెన్‌స్టాక్స్ టీచర్లకి మాత్రమే ఇచ్చే సామగ్రి కోసం ఇన్‌స్ట్రక్టర్‌గా నమోదు చేసుకోవాలి. పాఠం మొత్తం స్లైడ్లలోనే దొరుకుతుందని ఆశపడకండి.

అందరూ చదవగలిగేలా

చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో వింటాడు. మీరు సమీకరణాన్ని ఫోటోగా అంటిస్తే అతనికి అక్కడ ఏమీ వినపడదు. సమీకరణాలు ఈక్వేషన్ ఎడిటర్‌లో రాయండి, ప్రతి గ్రాఫుకీ వివరణ పెట్టండి, వీడియోకి క్యాప్షన్లు సరిచూడండి. ప్రభుత్వ కాలేజీల వెబ్ పాఠాలు వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణంలో డబుల్ ఏ స్థాయిని అందుకోవాలని 2024లో ఫెడరల్ న్యాయశాఖ నియమం చేసింది. ప్రచురణకర్త పుస్తకమైతే ఆ పని చాలావరకు వాళ్లు చేసిపెడతారు. మీరు మార్చిన పేజీలకి బాధ్యత మీదీ మీ కాలేజీదీ. స్కాన్ చేసిన పాత నోట్సు ఇక్కడ ముందు పోతుంది.

మొదటి రోజు క్లాసులో

"పుస్తకం ఉచితం" అని సిలబస్‌లో రాసి ఊరుకోకండి. క్లాసులో ప్రొజెక్టర్ మీద తెరిచి చూపించండి. ఫోన్లో ఎలా చదవాలి, ఇంట్లో నెట్ లేనివాళ్లు పీడీఎఫ్ ఎలా దింపుకోవాలి, మార్చిన అధ్యాయాలు కాన్వాస్‌లో ఎక్కడున్నాయి. పీడీఎఫ్ పెద్దది కనుక అధ్యాయాల వారీగా విడగొట్టి పెట్టండి. కాగితం మీద చదివితే తప్ప తలకెక్కని వాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. ముద్రిత కాపీ తక్కువ ధరకి దొరుకుతుందని చెప్పండి, లైబ్రరీ రిజర్వ్‌లో ఒకటి పెట్టించండి. లింకు దొంగదేమోనని, అమెజాన్‌లో అదే పేరున్న వేరే పుస్తకం కొనేసే విద్యార్థి కూడా ఉంటాడు, కాబట్టి "ఏమీ కొనొద్దు" అని బోర్డు మీద పెద్దగా రాయండి.

మీ శ్రమకి డబ్బు అడగండి

దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. అడ్జంక్టుకి సెక్షన్ లెక్కన జీతం. పుస్తకం మార్చే గంటలు అందులో లేవు. ఫుల్‌టైమ్ వాళ్లు కోర్సు లోడ్ తగ్గించుకుని చేసే పనిని మీరు ఆదివారాలు కూర్చుని చేసిపెట్టడం మంచితనమే, కానీ కాలేజీ దాన్ని అలవాటు చేసుకుంటుంది. కాలిఫోర్నియా 2021లో పుస్తక ఖర్చు లేని డిగ్రీల కోసం 115 మిలియన్ డాలర్లు కేటాయించింది. టెక్సస్ 2017 చట్టంలోనే గ్రాంట్లకి చోటు పెట్టింది. లైబ్రరీలో ఓఈఆర్ బాధ్యతలు చూసేవాళ్లు ఎవరో కనుక్కుని, అడ్జంక్టులకి స్టైపెండ్ ఉందా అని నేరుగా అడగండి. లేదంటే పుస్తకాన్ని తిరగరాయకండి, అక్కర్లేని సెక్షన్లు కొట్టేసి, ఆ రెండు పేజీలతో ఆగండి. అదే విద్యార్థికి చాలా డబ్బు మిగులుస్తుంది.

పంచే ముందు మీ కాంట్రాక్టులో మేధో హక్కుల పేరా చదవండి, రాసిన నోట్సు మీదా కాలేజీదా అని. మీదే అయితే సీసీ బై పెట్టి టీచర్లు పాఠాలు పంచుకునే కాన్వాస్ కామన్స్‌లోనో ఓఈఆర్ కామన్స్‌లోనో ఎక్కించండి. పీడీఎఫ్ ఒక్కటే కాకుండా వర్డ్ ఫైలు కూడా పెట్టండి, లేకపోతే తర్వాతివాళ్లు మార్చలేరు. సొంత కాపీ కాలేజీ డ్రైవ్‌లో కాక మీ డ్రైవ్‌లో ఉంచుకోండి. వచ్చే సెమిస్టర్ మీకు సెక్షన్ ఇవ్వకపోతే కాలేజీ లాగిన్ పోతుంది, కాన్వాస్ కోర్సు దానితో పాటే పోతుంది.

సెమిస్టర్ మధ్యలో విద్యార్థి పుస్తకంలో తప్పు పట్టుకుంటే, ఓపెన్‌స్టాక్స్ పుస్తకం పేజీలోనే తప్పులు తెలిపే ఫారం ఉంటుంది. పట్టుకున్న విద్యార్థి చేతే అది నింపించండి, అదనపు మార్కులు ఇస్తానని చెప్పండి. రెండో సెమిస్టర్‌కి ఏ అధ్యాయం మార్చాలో డిసెంబర్ గ్రేడ్లు వేసే వారంలోనే రాసిపెట్టుకోండి. జనవరిలో గుర్తుండదు.